అప్రస్తుత ప్రశ్నకు ఆసనము

సాహిత్యోపన్యాసము ముగిసిన పిదప శ్రోతలలో ఒకరు లేచి, ప్రసంగముతో పొత్తులేని ప్రశ్న వేయుట సభలకు క్రొత్త కాదు. కొందరు వక్తలు విసుగుకొందురు. కొందరు నవ్వి దాటవేయుదురు. మరికొందరు ఆ ప్రశ్న వెంటబోయి తమ విషయమునే మరతురు. ఈ విషయమున శిక్షణనిచ్చు ప్రక్రియ తెలుగువారి యింటనే కలదు. అది అష్టావధానము.

దివాకర్ల తిరుపతిశాస్త్రి (జననము 1872), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) ఊరూర వ్యాప్తి కలిగించిన ఈ విద్యలో, సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మున్నగునవి అవధాని బుద్ధిని పద్యమునకు కట్టివేయును. అప్రస్తుతప్రసంగి పని ఆ కట్టును తెంచుట. మన పెద్దలు అప్రస్తుతమును సభనుండి వెడలగొట్టలేదు. దానికొక ఆసనమిచ్చి కూర్చుండబెట్టినారు. అవధాని సమాధానము క్లుప్తము, సరసము, అడిగినవానిని నొప్పింపదు. మరుక్షణమున అతడు విడిచిన పాదమునకే తిరిగివచ్చును. తుదకు ధారణలో పద్యములన్నియు చెక్కుచెదరక వినిపించును.

అయితే అవధానమున అప్రస్తుతము వినోదము. సభలో అది ఒక్కొక్కప్పుడు వేదన. అండమాను దీవులలో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన శ్రీవిజయపురము చెంతనున్న డాలీగంజ్‌లో, తిక్కన సంభాషణా శిల్పముపై ఒక ఉపన్యాసము జరిగినదనుకొందము. ఉత్తరాంధ్రమునుండి తరలివచ్చిన కుటుంబములో పుట్టిన వృద్ధుడొకడు లేచి, "మా మనుమడు బయట హిందీలోనే మాటలాడును. వానికి తెలుగు నిలుచునా?" అని అడిగినాడనుకొందము. తర్కదృష్టితో ఇది అప్రస్తుతమే. కాని అతనికి ఈ మాట అడుగుటకు వేరొక సభ ఎక్కడ కలదు?

నేర్పరియైన వక్త దీనిని త్రోసిపుచ్చడు. దీవులలోని విద్యావిధానముపై తనకు తెలియని తీర్పులు చెప్పి మెప్పింపజూడడు. తెలియనిది తెలియదనును. పిదప తిక్కన యొద్దకే మరలును: రాయబారములలోని పలుకుబడి, ఆ పలుకుబడిని గుర్తించు చెవి ఉన్నంతవరకే కావ్యము, చెవి పోయిననాడు అది గ్రంథాలయములోని కాగితము. అందుచే వృద్ధుని ప్రశ్న ప్రసంగమునకు వెలుపలిది కాదు, దాని పునాది.

అడిగిన ప్రతివాడును ఇట్టివాడని చెప్పరాదు. ప్రశ్న పేరిట తన పాండిత్యమును ప్రదర్శించువాడును ఉండును. అతనిని మృదువుగా ఆపి, "మీ ప్రశ్న ఏమి?" అని అడుగుట అధ్యక్షుని ధర్మము. కాని ఆ ఒక్కనికి వెరచి అందరి నోళ్లు మూయుట న్యాయము కాదు.

పండితుని పరీక్ష అతడు సిద్ధపరచుకొని వచ్చిన పుటలలో లేదు. సిద్ధపడని ప్రశ్నకు మర్యాదతో బదులిచ్చి, తన పద్యపాదమునకు తిరిగి రాగలుగుటలో ఉన్నది.