ప్రతినాయకుడి నోట ప్రజల గోడు

ఒక యుగం దేనిని ఆరాధించిందో దాని కథానాయకుడు చెబుతాడు. దేనికి భయపడిందో ప్రతినాయకుడు చెబుతాడు. అమెరికాలో పుట్టి ఇవాళ మన కళాశాల విద్యార్థుల చేతులలో కూడా కనబడుతున్న సూపర్‌హీరో కామిక్స్‌ను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది. ఆ బొమ్మల కథల అభిమానులు కొన్నేళ్ళుగా ఒక ప్రశ్నమీద తెగ వాదించుకుంటున్నారు: ఓడిపోయిన ప్రతినాయకుడి పక్షాన న్యాయం లేదా? ఇదంతా పిల్లల కాలక్షేపమని తోసివేసే పండితులున్నారు. కాని ఎవరిని ద్వేషించాలో, ఎవరికి చప్పట్లు కొట్టాలో యువతరానికి నేర్పే సాహిత్యాన్ని చిన్నచూపు చూడటం అభ్యుదయ విమర్శకు తగదు.

ముందు చరిత్ర చూద్దాం. 1938లో సూపర్‌మాన్ మొదటి కథ అచ్చయ్యేనాటికి అమెరికా ఇంకా ఆర్థికమాంద్యం నుంచి తేరుకోలేదు. దాని సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. ఆ తొలి కథలలో సూపర్‌మాన్ తలపడినది భార్యను కొట్టే భర్తతో, స్వార్థపరులతో లాలూచీపడిన సెనేటరుతో, కార్మికుల ప్రాణాలను లెక్కచేయని గని యజమానితో. ఆ యజమానిని తన గనిలోనే చిక్కుకొని గడగడలాడేటట్లు చేస్తాడు. అక్కడ దుర్మార్గానికి ఊరూ పేరూ ఉన్నాయి, ఆస్తి ఉన్నది. ఇంతటి వీరుణ్ణి సృష్టించిన ఆ ఇద్దరికీ హక్కుల కింద ముట్టినది 130 డాలర్లు. మూడు దశాబ్దాలకు పైగా గడిచిన తర్వాత, 1975లో, ఏటా 20,000 డాలర్ల చొప్పున భృతి ఇవ్వటానికి, కథలమీద వారి పేర్లు వేయటానికి వార్నర్ సంస్థ ఒప్పుకున్నది.

1954లో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకున్నారు. పోలీసులపట్ల, న్యాయాధిపతులపట్ల, ప్రభుత్వాధికారులపట్ల అగౌరవం కలిగేటట్లు కథలు ఉండరాదు; ప్రతి కథలోనూ మంచే గెలవాలి. ఈ రెండు నియమాలనూ కలిపి చదివితే అర్థం తేటతెల్లమవుతుంది: మంచి అంటే ఉన్న వ్యవస్థ, చెడు అంటే దానిని కదిలించేవాడు. దుష్టత్వం సంఘ లక్షణంగా కాక ఒక వ్యక్తి వికృతిగా కనబడసాగింది. ఈ నియమావళిని మార్వెల్ 2001లోను, డి.సి. 2011లోను వదిలివేశాయి. కాని కాగితంమీద పోయిన నియమం అలవాటులో అంత సులభంగా పోదు.

మాగ్నిటో చరిత్రే ఇందుకు నిదర్శనం. 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఇతణ్ణి ప్రవేశపెట్టినప్పుడు ఇతడు ఉత్త ప్రపంచాధిపత్య వ్యామోహి. పుట్టుకతోనే వింతశక్తులు గల మ్యూటంట్ల జాతి మానవులను పాలించాలన్నదే ఇతని పంతం. 1981లో క్రిస్ క్లేర్మాంట్ ఇతణ్ణి ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి బయటపడినవాడిగా చిత్రించాడు. ఒక జాతిని నిర్మూలించటం ఎట్లా జరుగుతుందో కళ్ళారా చూసినవాడు మరొకసారి దానిని జరగనివ్వనంటున్నాడు. అప్పటినుంచి ఇతణ్ణి తేలికగా ద్వేషించటం పాఠకుడికి సాధ్యం కాలేదు.

1973 నాటి కామిక్స్‌లో పుట్టి, 2018లో 'బ్లాక్ పాంథర్' చిత్రంతో లోకప్రసిద్ధుడైన కిల్‌మాంగర్ సంగతీ ఇంతే. ప్రపంచమంతటా నల్లజాతివారు అణగారిపోతుంటే, సంపన్నమైన వకాండా రాజ్యం తలుపులు మూసుకొని ఎందుకు కూర్చున్నదని చిత్రంలో ఇతడు నిలదీస్తాడు. సమాధానం లేని ప్రశ్న అది. ఇక్కడే రచనా పద్ధతిని గమనించాలి. న్యాయమైన ఫిర్యాదును అతని నోట పలికించారు. పలికించిన అతనిచేతనే తన ప్రియురాలిని చంపించారు, ఒక వృద్ధురాలి గొంతు పట్టించారు. హత్యను చూసి వెనుదీసిన ప్రేక్షకుడు ఫిర్యాదునుంచి కూడా వెనుదీస్తాడు. ఆ రెంటినీ ముడివేసినది జీవితం కాదు, రచయిత. చివరకు రాజు గెలిచి ఓక్లండ్ నగరంలో ఒక సేవాకేంద్రం తెరుస్తాడు. విముక్తి అడిగినవాడికి సమాధి, అడగనివారికి దానం!

అందుచేత "ప్రతినాయకుడిదే న్యాయం" అనే అభిమానులు ఒక మోసాన్ని పసిగట్టారని ఒప్పుకోవాలి. ఓడినవాడి పక్షం నుంచి కథను తిరగచదవటం మనకూ కొత్తకాదు. 1920లోనే త్రిపురనేని రామస్వామి 'శంబుకవధ' వ్రాశారు. అయితే ఈ అభిమానులు సగందారిలో ఆగిపోతున్నారు. మాగ్నిటో కోరినది సమానత్వం కాదు, తన జాతి పెత్తనం. కిల్‌మాంగర్ కలగన్నది కొత్త సామ్రాజ్యం. పీడితుల గోడును వినిపించినవాడల్లా పీడితుల ప్రతినిధి కాడు. ఫిర్యాదును నిలుపుకొని నియంతను తిరస్కరించగలగటమే సరైన పఠనం.

ఇటీవలి కామిక్స్ ఈ చర్చను ముందుకు జరిపాయి. 2019లో జొనాథన్ హిక్మన్ ప్రారంభించిన క్రకోవా కథలలో మ్యూటంట్లకు సొంత దేశం ఏర్పడుతుంది. మాగ్నిటో దాని పాలకమండలిలో కూర్చుంటాడు. తమను గుర్తించిన దేశాలకు అద్భుతమైన మందులమ్మి భద్రత సంపాదించుకుంటారు. కాని ఆ పన్నెండుగురి మండలిని సామాన్య మ్యూటంట్లు ఎన్నుకోలేదు. 2024లో మొదలయిన 'అబ్సల్యూట్' కథలు ఇంకా సాహసించాయి. స్కాట్ స్నైడర్ వ్రాసిన బాట్‌మాన్‌కు భవంతీ లేదు, కోట్లూ లేవు. అతడు బడిపంతులు కొడుకు. సంపద అంతా జోకర్ చేతిలో ఉన్నది. జేసన్ ఆరన్ వ్రాసిన సూపర్‌మాన్ శ్రామిక వర్గపు బిడ్డ. బ్రెజిల్ గనులలో కార్మికులను పీల్చుకుతినే లాజరస్ కార్పొరేషన్‌ను ఎదిరిస్తాడు. 1938 నాటి గని యజమాని మళ్ళీ వచ్చాడన్నమాట!

దీనిని హర్షించవలసిందే. కాని మార్వెల్‌ను 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నదని మరువరాదు. పెట్టుబడిమీద కోపాన్ని కూడా సరుకుగా అమ్మగల నేర్పు పెట్టుబడికి ఉన్నది. కనుక సంపన్నుణ్ణి దుర్మార్గుడిగా చూపినంత మాత్రాన కథ ప్రజలది అయిపోదు. గనిలోని కార్మికుడు ఏం చేస్తున్నాడన్నది అసలు ప్రశ్న. అతడు తోటివారితో కూడి ఆలోచిస్తున్నాడా, పని ఆపుతున్నాడా, లేక ఆకాశంకేసి చూస్తూ రక్షకుడికోసం నిరీక్షిస్తున్నాడా? వీరుడు మంచివాడా, ప్రతినాయకుడు మంచివాడా అని వాదించుకునే మిత్రులు ఇకమీదట ఆ మూడవవాడి గురించి కూడా అడగాలి. అతడు బొమ్మలో ఒక మూల గుంపుగా నిలబడి ఉన్నంతకాలం, ఎవరు గెలిచినా ఆ గని అతనిది కాదు.