సమాధి తెలియని పూర్వీకులు

ఫ్రాన్సులో లువార్ నది పక్కనున్న ఆంజూ ప్రాంతాన్ని ఏలిన కౌంట్ నాలుగో ఫుల్క్ 1096లో తన వంశచరిత్రకు పూనుకున్నాడు. సన్యాసులు చేసే పనిని ఒక ప్రభువు నెత్తికెత్తుకోవడం ఆ కాలంలో అరుదు. అంతకన్నా అరుదు అందులోని ఒప్పుకోలు. మొదటి నలుగురు కౌంట్ల ఘనతను తగిన రీతిలో చెప్పలేననీ, వాళ్ల దేహాలు ఎక్కడున్నాయో కూడా తెలియనంత పాతకాలం వాళ్లనీ అన్నాడు. ఆ తర్వాతి ముచ్చట్లు మేనమామ జెఫ్రీ మార్తెల్ చెప్పగా విన్నవి.

ఈ వినయాన్ని మరీ అమాయకంగా తీసుకోనక్కర్లేదు. సొంత అన్నను ఖైదులో వేసి గద్దెనెక్కినవాడికి మేనమామ పేరు అండగా కావాలి. అయినా ఐరోపా ప్రభువంశాల చరిత్రలో ఇంతకన్నా నిజాయితీగల వాక్యం నాకు తెలియదు.

సమాధికి అంత విలువ ఎందుకు? ప్రభువును ఏ మఠంలో పూడ్చారో ఆ మఠం అతని ఆత్మ కోసం ఏటా ప్రార్థన చెయ్యాలి. అందుకోసం సన్యాసులు క్యాలెండరులాంటి పుస్తకంలో తేదీల కింద పోయినవాళ్ల పేర్లు రాసేవారు. సంవత్సరం రాయడం తక్కువ. తద్దినం పెట్టేవాడికి తిథి తెలిస్తే చాలు కదా! పేరూ నెలా రోజూ పక్కాగా దొరికి, ఏ ఏడాదో తేలని మరణాలు పరిశోధకుల దగ్గర అందుకే కుప్పలుగా ఉన్నాయి.

ఆ లోటును కొంతవరకు పూడ్చేవి దానపత్రాలు. మఠానికి భూమి రాసిచ్చేటప్పుడు వారసులు రేపు తగువు పెట్టకుండా భార్య, కొడుకులు, తమ్ముళ్ల చేత కూడా సమ్మతి చెప్పించేవారు. ఒక పత్రంలో ఇద్దరు కొడుకులు, పదేళ్ల తర్వాతి పత్రంలో ముగ్గురు కనిపిస్తే మూడోవాడి వయసు ఉజ్జాయింపుగా తేలుతుంది. పేరు కనబడలేదని మనిషిని చంపెయ్యకూడదు, ఆ రోజు వేటకు వెళ్లి ఉండొచ్చు. ఆంజూ వంశంలో ఫుల్క్ ద రెడ్ 929 నాటికి కౌంట్‌నని చెప్పుకున్న సంగతి కూడా ఇలాంటి పత్రం వల్లే తెలిసింది.

పేర్లూ సాక్ష్యమే. ఆంజూలో ఫుల్క్, జెఫ్రీ అనే రెండు పేర్లే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆ వరస వల్ల పైకి కనిపించదు గానీ, పురుష సంతతి 1060లో తెగిపోయింది. జెఫ్రీ మార్తెల్‌కు పిల్లలు లేరు. అతని చెల్లెలి కొడుకులు, అంటే గాతినే వంశంవాళ్లు వచ్చారు. మన నాలుగో ఫుల్క్‌ది తల్లి తండ్రి పేరు. అతని మనవడు జెఫ్రీ ప్లాంటజెనెట్ తన కొడుకులకు హెన్రీ, జెఫ్రీ, విలియమ్ అని పెట్టాడు. మధ్యవాడిది తండ్రి పేరు. మిగతా ఇద్దరివీ భార్య తరఫువి, హెన్రీ ఆమె తండ్రి, విలియమ్ ఆమె తాత. ఆ కుటుంబం చూపు ఇంగ్లండ్ సింహాసనం మీద ఉందని పేర్లే చెబుతున్నాయి.

అసలు రసవత్తరమైన కథ పెళ్లిళ్లది. ఏడు తరాల లోపు ఉమ్మడి పూర్వీకుడుంటే పెళ్లి చెల్లదని చర్చి నియమం. 1215లో దాన్ని నాలుగు తరాలకు కుదించారు. ఏడు తరాలంటే ప్రభువులందరూ ఒకరికొకరు చుట్టాలే. అందుకే వంశావళి ఆయుధమైంది. 1119లో ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ కొడుకు విలియమ్ అడెలిన్‌కు నాలుగో ఫుల్క్ కొడుకు ఐదో ఫుల్క్ తన కూతురు మటిల్డాను ఇచ్చాడు. మరుసటి ఏడు వైట్ షిప్ అనే ఓడ మునిగి అల్లుడు పోయాడు. తర్వాత ఫుల్క్ ఇంకో కూతురు సిబిల్లాను విలియమ్ క్లీటోకు ఇచ్చాడు. ఈ క్లీటో హెన్రీకి అన్న కొడుకు, గద్దెకు పోటీదారు. హెన్రీ వెంటనే రక్తసంబంధం లెక్కలు బయటికి తీయించాడు. 1124లో పోప్ రెండో కాలిక్స్టస్ ఆ పెళ్లి రద్దు చేశాడు. అడెలిన్, క్లీటో అన్నదమ్ముల బిడ్డలు. మటిల్డా, సిబిల్లా అక్కచెల్లెళ్లు. మొదటి పెళ్లికి అడ్డురాని చుట్టరికమే రెండోదానికి అడ్డొచ్చింది. పైగా 1128లో అదే హెన్రీ తన కూతుర్ని సిబిల్లా సోదరుడు జెఫ్రీ ప్లాంటజెనెట్‌కే ఇచ్చాడు! వాళ్ల కొడుకే 1154లో ఇంగ్లండ్ రాజైన రెండో హెన్రీ.

రాజులయ్యాక ఖాళీలు నింపేవాళ్లకు కొదవ లేదు. మార్మూతియే మఠానికి చెందిన జాన్, రెండో హెన్రీకి అంకితమిచ్చిన చరిత్రలో, ఆంజూ వంశానికి మొదటివాడైన ఇంగెల్గర్‌కు టెర్టుల్లస్ అనే తండ్రి, అడవుల కాపలాదారైన తాత ఉన్నారు. నాలుగో ఫుల్క్‌కు తెలియనిది ముప్పావు శతాబ్దం తర్వాత సన్యాసికి తెలియడం నమ్మశక్యం కాదు. అలాగని ఆ కథను పారెయ్యకూడదు. సామాన్యుడు సేవతో, శౌర్యంతో పైకొచ్చాడని చెప్పుకోవడానికి పన్నెండో శతాబ్దపు రాజవంశం సిగ్గుపడలేదని అది చెబుతుంది. తొమ్మిదో శతాబ్దానికి అది సాక్ష్యం కాదు గానీ పన్నెండో శతాబ్దానికి గట్టి సాక్ష్యమే.

అదే జాన్ చెప్పిన మరో సంగతి మాత్రం నిలబడింది. 1128లో జెఫ్రీకి బంగారు సింహాల డాలు ఇచ్చారన్నాడు. ల మాన్‌లోని జెఫ్రీ ఎనామెల్ ఫలకం మీద ఆ నీలి డాలు ఉంది. 1226లో పోయిన అతని మనవడు విలియమ్ లాంగెస్పీ సమాధి మీదా, ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో, ఆ సింహాలే ఉన్నాయి.

ఆంజూ వంశవృక్షం ఎక్కడైనా కంటబడితే ముందు ఇంగెల్గర్ పైన ఏముందో చూడండి. టెర్టుల్లస్ దాకా చుక్కల గీత కాకుండా నిండు గీత గీసి ఉంటే, మిగతా కొమ్మల్ని కూడా కాస్త అనుమానంగానే చదవండి.