స్కాన్ బొమ్మకు ఎంత మెరుగు?

సీటీ స్కాన్ బొమ్మకు మూలం ఒక అంకెల పట్టిక. శరీరంలోని ఒక్కో చిన్న భాగం ఎక్స్-కిరణాలను ఎంతమేరకు అడ్డుకున్నదో లెక్కగట్టి, నీటికి సున్న, గాలికి మైనస్ 1000 అనే కొలమానంలో యంత్రం ఆ భాగానికొక విలువ కడుతుంది. ఈ యంత్రాన్ని రూపొందించిన బ్రిటిష్ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరిటే ఆ కొలమానపు ప్రమాణాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగి మెదడును చూసినప్పుడు ఆ పట్టికలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులే ఉండగా, నేడు సాధారణంగా 512 చొప్పున ఉంటున్నాయి.

గడులు పెరిగినా చూసే కన్ను అదే. పట్టికలోని విలువలకు సుమారు 4096 మెట్లు ఉంటే, నలుపు తెలుపుల నడుమ అన్ని ఛాయలను కన్ను వేరుచేయలేదు. పైగా మెదడులోని బూడిద, తెల్ల పదార్థాల మధ్య తేడా పది యూనిట్ల లోపే. అందువల్ల సున్న నుంచి 80 వరకు గల విలువలకే ఛాయలన్నిటినీ పంచి, అంతకు దిగువను పూర్తి నలుపుగా, ఎగువను పూర్తి తెలుపుగా చూపుతారు. దీన్నే విండో అంటారు. ఊపిరితిత్తుల కోసమైతే మైనస్ 600 కేంద్రంగా 1500 యూనిట్ల వెడల్పు తీసుకోవడం వాడుక. మెరుగులన్నిటిలో నిజాయితీగలది ఇదే, ఎందుకంటే చూపు మారుతుందే తప్ప అంకె మారదు.

అసలు చిక్కు నాయిస్‌తో, అంటే బొమ్మంతటా ఇసుక చల్లినట్లు కనిపించే గరుకుతనంతో మొదలవుతుంది. రేడియేషన్ పెంచి దాన్ని సగానికి తగ్గించాలంటే మోతాదును నాలుగింతలు చేయాలి. రోగి క్షేమం దృష్ట్యా అది తగదు కనుక, ఒక్కో గడి విలువను పొరుగు గడులతో సగటు చేసే ఫిల్టర్లు వచ్చాయి. వీటితో గరుకు తగ్గుతుంది, దానితోపాటే అంచులూ చెదురుతాయి. 2005లో బుయాదెస్, కోల్, మోరెల్ ప్రతిపాదించిన నాన్-లోకల్ మీన్స్ పద్ధతి పొరుగుదనానికి బదులు పోలికను చూసి సగటు కట్టడంతో అంచులను మెరుగ్గా కాపాడింది గాని, నాయిస్ కంటే పలుచనైన మచ్చ దగ్గర ఆ పోలికనూ నమ్మలేము. ఇక అంచులకు పదును పెట్టే ఫిల్టరు అంచుకు ఒకవైపు నలుపును, మరోవైపు తెలుపును పెంచుతుంది. అది శ్రుతిమించితే ఎముకలో అమర్చిన లోహపు కీలు చుట్టూ ఏర్పడే నల్లగీత, కీలు వదులైందన్న భ్రమ కలిగిస్తుంది.

వేల బొమ్మలను చూసి నేర్చుకున్న కృత్రిమ మేధ పద్ధతులు తక్కువ సమాచారం నుంచీ నున్నని బొమ్మను కడుతున్నాయి. అయితే ఎంఆర్ఐ స్కాన్ బొమ్మలను ఇలా తక్కువ సమాచారం నుంచి కట్టే పద్ధతుల కోసం 2020లో జరిగిన ఫాస్ట్‌ఎంఆర్ఐ పోటీకి వచ్చిన కొన్ని బొమ్మల్లో, రోగి శరీరంలో లేని నిర్మాణాలు కనిపించినట్లు నిర్వాహకులు నమోదు చేశారు. గరుకు కూడా ఒక సమాచారమే: ఇక్కడ ఇంతకు మించి నమ్మవద్దని అది వైద్యునికి చెబుతుంది. గరుకును చెరిపివేసిన బొమ్మ ఆ సందేహాన్ని కూడా చెరిపివేస్తుంది కనుక, ఏ మెరుగు దిద్దారో బొమ్మ మీదే రాయాలి, దిద్దని ప్రతిని పక్కనే ఉంచాలి.

స్కాన్ తీయించుకున్నవారు ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీని కూడా అడిగి తీసుకుని భద్రపరచుకోవాలి. ఫిల్ము మీద అచ్చయిన విండోను మళ్లీ మార్చి చూసే వీలు లేదు. సీడీలోని డైకామ్ ఫైలులో, అంటే స్కాన్ బొమ్మలను దాచే ప్రామాణిక ఫైలులో, అంకెలు అలాగే ఉంటాయి.