ఒక్క కమాండులో 400 పనులు

400 ఫైళ్లు, ఒక్కోదానికి 3 నిమిషాలు. వరుసగా నడిపితే 20 గంటలు. మా సీనియర్ అక్క స్క్రిప్టు ఫైలు కూడా తెరవలేదు. క్లస్టర్‌లో పనుల్ని క్యూలో పెట్టి నడిపే స్లర్మ్‌లో ఎస్‌బ్యాచ్ కొట్టి, ‘ర్యాప్’ పక్కన కమాండు పెట్టి, ‘ఎరే’ దగ్గర 1-400%20 అని రాసింది. గంటలో అయిపోయింది.

ఆ శాతం గుర్తులోనే ఆమె మర్యాదంతా ఉంది. ఎన్ని నోడ్లు ఖాళీగా ఉన్నా తనవి ఒకేసారి 20కి మించి నడవవు. క్యూలో పక్కవాళ్లూ ఉన్నారు మరి.

స్లర్మ్ ఒక్కో పనికి ఒక్కో నంబరు ఇస్తుంది. ఫైళ్ల జాబితాలో ఆ నంబరు వరుసను కమాండులోని సెడ్ లాగుతుంది. చిక్కంతా ర్యాప్ కమాండు చుట్టూ పెట్టే కోట్స్ దగ్గరే. నేనోసారి సింగిల్ కోట్స్‌కి బదులు డబుల్ పెట్టాను. నంబరు లాగిన్ నోడ్ మీదే ఖాళీ అయిపోయి, ప్రతి పనీ మొత్తం జాబితాని నెత్తినేసుకుంది! అక్క తిట్టలేదు. “ముందు ఒక్కటి పంపి చూడరా,” అంది, అంతే.

ఆమె లాగ్ ఫైలు పేరులో జాబు నంబరు, పని నంబరు రెండూ ఉంటాయి. అందుకే 400లో మూడు పడిపోతే మళ్లీ అన్నీ నడపదు. ఎరే దగ్గర ఆ మూడింటి నంబర్లు 17,212,388 అని కొట్టి టీకి లేస్తుంది.