నయమాను మునిగిన నీళ్లు

బాప్తిస్మానికి పాత నిబంధనలో పూర్వఛాయలు వెతికేవాళ్లు ముందుగా పెద్ద నీళ్ల దగ్గరికే పోతారు: నోవహు జలప్రళయం, మోషే దాటించిన ఎర్రసముద్రం. వాటికి అపొస్తలుల సాక్ష్యమూ ఉంది. మొదటిదాన్ని పేతురు, రెండోదాన్ని కొరింథీయులకు రాస్తూ పౌలు బాప్తిస్మంతో ముడిపెట్టారు. కాదనను. కానీ ఆ రెండు నీళ్లలోనూ శవాలున్నాయి. కొందరు గట్టెక్కడానికి ఎందరో మునిగిపోయారు. నా మనసు మాత్రం రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయంలో, ఎవరినీ ముంచని నీటి దగ్గర ఆగిపోతుంది. నిజామాబాదులో కూర్చుని చదివేవాడికి ఆ అధ్యాయం పరాయి దేశపు కథలా ఉండదు.

నయమాను సిరియా సేనాధిపతి. గొప్పవాడు, రాజుకు కావలసినవాడు, యుద్ధాలు గెలిచినవాడు, కుష్ఠురోగి. కథకుడు పొగడ్తలన్నీ వరసగా పేర్చి కొసన ఆ ఒక్క మాట పెడతాడు. అప్పటిదాకా కట్టుకొచ్చిన వీరరసం అక్కడే కుప్పకూలుతుంది. ఆ తర్వాత కథను నడిపేది ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల. ఆమెకు పేరైనా లేదు. షోమ్రోనులో ఒక ప్రవక్త ఉన్నాడని యజమానురాలి చెవిన వేస్తుంది, అంతే. ఆ మాట మీద రాజుల మధ్య ఉత్తరాలు నడుస్తాయి, వెండీ బంగారం పది దుస్తుల బట్టలూ ప్రయాణం కడతాయి.

అక్కడి నుంచి హాస్యం. రథాలు వచ్చి గుమ్మం ముందు నిలిస్తే ఆ ప్రవక్త ఎలీషా బయటికే రాడు. యొర్దానుకు పోయి ఏడుసార్లు మునగమని మనిషితో కబురు పంపుతాడు. నయమానుకు ఒళ్లు మండింది. దమస్కులో అబానా, ఫర్పరు నదులుండగా ఈ యొర్దాను ఏపాటిది అన్నాడు. ఆ కోపం మనకు అర్థం కానిదేం కాదు. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తిలో స్నానానికని బయల్దేరినవాణ్ని దారిలో ఆపి, బోధన్ చెరుకు చేల మధ్య పారే నిజాంసాగర్ పిల్లకాలువలో మునిగితే చాలంటే ఏమంటాడు? తమాషా ఏమిటంటే ఆ కాలువలోనివీ మంజీర నీళ్లే. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగర్ వాటిని ఆపి పొలాలకు మళ్లించింది. ఆ నీటి మీద చెరుకు, ఆ చెరుకును నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి.

నయమానును నీళ్ల దాకా తెచ్చింది ప్రవక్త కాదు, నౌకర్లు. నాయనా అని పిలిచి, ఏదైనా పెద్ద పని చెప్తే చేసేవాడివి కదా అని నచ్చజెప్పారు. వాళ్ల మాట విని అతను దిగాడు. అంత ఊరించిన కథకుడు మునగడాన్నీ బాగవడాన్నీ ఒక్క వచనంలో ముగించేస్తాడు. సేనాధిపతి ఒళ్లు పసిపిల్లవాడి ఒళ్లలా తయారైంది. ఇక్కడే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మొదట్లో చిన్నపిల్లను బానిసగా తెచ్చుకున్న ఇంటి పెద్ద, చివరికి తానే ఒక చిన్నపిల్లవాడై నీళ్లలోంచి లేచాడు. తిరిగి పుట్టడం గురించి నీకొదేముతో యేసు మాట్లాడేది ఎన్నో శతాబ్దాల తర్వాత. యోహాను బాప్తిస్మం ఇచ్చిందీ ఈ యొర్దానులోనే.

తొమ్మిదో శతాబ్దపు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని ఇలాంటిదే అనుకుంటాను. వాచ్యార్థం ఎక్కడా చెడకూడదు, దాని మీదుగానే మరో అర్థం మెరవాలి. యూదులకు ఈ కథ దానికదే నిండు, దేనికోసమూ ఎదురుచూడదు. క్రైస్తవుడి చెవికి మాత్రం అదనంగా ఒక నాదం వినిపిస్తుంది. బైబిల్లో నీళ్లచుక్క కనబడితే చాలు బాప్తిస్మం అనేవాళ్లది పొడుపుకథల సరదా. నాలుగో శతాబ్దంలో మిలాను బిషప్ ఆంబ్రోసు అప్పుడే బాప్తిస్మం పొందినవాళ్లకు నయమానును గుర్తుచేశాడంటే ఆయన చెవి మంచిదన్నమాట.

నిజామాబాదువాడికి ఈ కథ పరాయిది కాకపోవడానికి ఇంకో కారణం, దగ్గర్లోని డిచ్‌పల్లి. మెథడిస్టు మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాదులో మొదలుపెట్టిన పని, నర్సాగౌడ్ విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి అయింది. ఆ రోజుల్లో మందంటే చాల్‌మోగ్ర నూనె. దాన్ని సూదితో ఒంట్లోకి ఎక్కించేవారు, నొప్పి మామూలుగా ఉండేది కాదు. ఏడు మునకలతో పోయే పెద్దరోగం కాదు అక్కడి రోగులది. హెబ్రీ గ్రంథంలోని చర్మరోగమూ ఇప్పటి వైద్యులు చెప్పే కుష్ఠూ ఒకటి కాకపోవచ్చంటారు పండితులు. కానీ తెలుగు బైబిలు వినేవాడికి రెండూ కుష్ఠే.

అందుకే అధ్యాయం చివరి భాగం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఎలీషా వద్దన్న కానుకల కోసం నౌకరు గేహజీ నయమాను వెంట పరుగెత్తి అబద్ధమాడతాడు. ఫలితంగా నయమాను రోగం అతనికీ, అతని సంతతికీ శాపంగా అంటుకుంటుంది. బాప్తిస్మపు పాఠంగా ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది అక్కడిదాకా రాకుండానే ఆపేస్తారు. కథకుడు దాచలేదు గనక మనమూ చదవాల్సిందే. ఆలంకారికులు దీన్ని రసభంగం అని ఊరుకుంటారేమో. డిచ్‌పల్లిలో సూదులు పొడిపించుకున్న మనిషి ఇంకా కటువైన మాటే అంటాడు.