'కాలు మోపుట' : ఒక ఆంగ్ల పలుకుబడి, తెలుగు క్రియలు

1806లో నిజాము సికందర్ జా పేర వెలసి, ఆంగ్లేయ సైన్యమునకు దండు ప్రదేశమైన సికింద్రాబాదులో తెలుగు, ఉర్దూ, ఆంగ్లము చిరకాలముగా ఒకే వీథిలో వినవచ్చుచున్నవి. ఇట్టిచోట ఒక భాష పలుకుబడి మరియొక భాషలోనికి మాటకు మాటగా జారుట సహజము. కాని సహజమైనదెల్ల సాధువు కాదు. 'పుట్ వన్స్ ఫుట్ డౌన్' అను ఆంగ్ల పలుకుబడి ఇందుకు నిదర్శనము.

దీనిని 'కాలు మోపెను' అని తెనిగించినచో అర్థము తప్పును. 'ఆయన సికింద్రాబాదులో కాలు మోపెను' అనగా ఆ ఊరు చేరెననియే మన భావము. 'కాలు దువ్వెను' అన్నచో కయ్యమునకు పిలిచినట్లగును. ఆంగ్లమున ఈ పలుకుబడికి అర్థము, కాదనుటకు అధికారము గలవాడు 'ఇక సాగదు' అని తేల్చి చెప్పుట. కనుక ఆంగ్లము వ్రాయు విద్యార్థి, బొమ్మకొరకు మారాము చేయు బిడ్డ విషయమున దీనిని వాడరాదు.

తెలుగున దీనికి సరిపోవు మాటలు లేకపోలేదు. చిక్కేమనగా, ప్రతి మాటయు ఆ మనిషిని గూర్చి ఒక తీర్పు చెప్పును. 'పట్టుబట్టెను' అనునది తటస్థము. 'మొండికేసెను', తెలంగాణమున 'జిద్దు చేసెను' అనునవి నిందలు. 'భీష్మించెను' అనుదానిలో భీష్ముని ప్రతిజ్ఞాగౌరవము తరిగి, నేడు ఎత్తిపొడుపే మిగిలినది. 'ససేమిరా అనెను' అనునది నిరాకరణమును మాత్రము తెలుపును గావున, ఆంగ్లార్థమునకు మిక్కిలి చేరువ.

ఈ భేదము విమర్శలో ఎంత ముఖ్యమో 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కము' చూపును. చిన్న కూతురును ముదుసలి లుబ్ధావధానులకిచ్చుటకు అగ్నిహోత్రావధానులు నిశ్చయించును. భార్య వెంకమ్మ వలదనును, ఆతడు వినడు, ఆమె నూతిలో దూకును. ఇర్వురును పట్టు విడువనివారే. అయినను ఆంగ్ల పలుకుబడి భర్తకే చెల్లును. ఇంట ఆజ్ఞ ఆతనిది. వెంకమ్మ 'కాదు' అను మాటకు ఆ ఇంట విలువ లేదు. ఆమెను గూర్చి 'మొండికేసెను' అని వ్రాసిన విమర్శకుడు, తెలియకయే అగ్నిహోత్రావధానుల పక్షము వహించినవాడగును.

కావున అనువాదకుడు నిఘంటువు తెరచుటకు ముందు, కాదన్నది ఎవరు, ఎవరితో, ఏ అధికారముతో అని విచారింపవలెను. పరిశోధకవిద్యార్థులు తమ వ్యాసములలో పాత్రలకు వాడు క్రియలను ఈ దృష్టితో మరల పరిశీలించుట మేలు.