అవ్వ బతుకును పాడే పద్ధతి

తెలంగాణ పల్లెల్లో ఎనభై తొంభై ఏళ్లు బతికి, మునిమనవల్ని ఒళ్లో ఆడించిపోయిన ముసలమ్మ గురించి కాగితాల్లో వెతికితే దొరికేది తక్కువ. ఆమె పుట్టిననాటికి తేదీ రాసిపెట్టుకునే ఇళ్లే అరుదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. ఆధార్ కార్డు మీది జనవరి 1 చాలామంది విషయంలో ఎవరో వేసిన అంకె. పొలం పట్టా మీద భర్త పేరో కొడుకు పేరో ఉంటుంది. అయినా ఆమె బతుకును పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లున్నారు: శవం పక్కన రాగం తీసి ఏడ్చే ఆడవాళ్లు, దినాల నాడు కథ చెప్పే బుడగజంగాలు.

రాగం తీసి ఏడవడాన్ని చదువుకున్నవాళ్లు మొరటుతనం అనుకున్నారు. దానికో కట్టుబాటు ఉందని దగ్గర కూర్చుని విన్నవాళ్లకు తెలుస్తుంది. ముందు పిలుపు. కూతురు ‘అవ్వా’ అని, కోడలు ‘అత్తా’ అని, ఆడబిడ్డ ‘వదినా’ అని ఎత్తుకుంటారు. ఎవరి వరుస వాళ్లది కాబట్టి ఒక్క మనిషే అన్ని వైపుల నుంచీ కనబడుతుంది. మాట చివర పిలుపును సాగదీస్తారు. ఆ సాగదీతలోనే ఊపిరి తీసుకుని తర్వాతి మాట అందుకుంటారు. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగినట్టే అడుగుతారు: బతుకమ్మ పండక్కి ఇక నన్నెవరు పిలుస్తారు, బాలింతకు నీళ్లెవరు పోస్తారు అని. అడిగిన ప్రతి ప్రశ్నా ఆమె చేసిన ఒక పనిని చెబుతుంది. పొగడ్తతోనే సరిపెట్టరు. మంచాన పడ్డప్పుడు తొంగిచూడని కొడుకు, పంపకాల్లో జరిగిన అన్యాయం కూడా ఆ రాగంలోకి వస్తాయి. ఏడాదంతా నోరు మెదపని కోడలు ఆ పూట అన్నీ అనేస్తుంది. ఎవరూ అడ్డు చెప్పరు.

కథ చెప్పేవాళ్ల పని వేరు. వాళ్లకు ఆమె ఎవరో తెలియదు. అందుకే మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లను అడిగి తెలుసుకుంటారు: తల్లిగారి ఊరు, పిల్లల పేర్లు పెద్ద నుంచి చిన్న దాకా, బిడ్డలను ఇచ్చిన ఊళ్లు, ఆమె చేసిన కూలీనాలీ, చివరి రోజుల జబ్బు. ఆ వివరాలను తమకు వచ్చిన బాణీల్లో ఇముడ్చుకుంటారు. కథకుడు ఒక మాట అంటే వంతపాడేవాళ్లు దాన్ని అందుకుని తిప్పి అంటారు. ఆ వ్యవధిలో అతనికి తర్వాతి చరణం దొరుకుతుంది. ఆపై గొంతు మారుతుంది. పోయినామే మాట్లాడుతున్నట్టు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అప్పగింతలు పెడతారు. మాటల్లేని అన్నదమ్ములు అందరి ముందూ పక్కపక్కన కూర్చుని అది వినాల్సి వస్తుంది.

ఈ పద్ధతి పట్నం దాకా తెలిసింది 2023లో వచ్చిన ‘బలగం’ సినిమాతో. అందులో చివరి పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు. ఊళ్లలో తెరలు కట్టి సినిమా వేసుకుని జనం గుంపులుగా కూర్చుని ఏడ్చారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

కాగితాల్లో దొరకని ఈ అవ్వల వయసు తేదీలతో తేలదు, సంఘటనలతో తేలుతుంది. రజాకార్ల కాలంలో దాక్కున్న జ్ఞాపకం ఉందంటే, 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి ఊహ తెలిసిన పిల్ల అన్నమాట. ఇలాంటి నోటిమాటకు చరిత్రలో ఎంత బలముందో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ బతుకులు తామే చెప్పిన పుస్తకమది.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్న ఫ్లెక్సీతో పని ముగుస్తోంది. రాగం తీసే గొంతులు తగ్గుతున్నాయి, జంగాల పిల్లలు వేరే పనులు వెతుక్కుంటున్నారు. మీ ఊళ్లో కథ చెప్పేవాళ్లుంటే పిలవండి, ఒళ్లు దాచుకోకుండా పాడినదానికి తగ్గ డబ్బు ఇవ్వండి. జంగాలు అడిగే ప్రశ్నలను మాత్రం పదకొండో రోజు దినాల దాకా వాయిదా వేయకండి. అవ్వ ఉండగానే పక్కన కూర్చుని అడగండి. ఫోనులో రికార్డు చేసుకోండి. ఆమె కన్నా బాగా ఆ కథ చెప్పేవాళ్లు లేరు.